వేరుశనగ పడని బిడ్డకు ఇంటి వంట

పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కొని కూర్చున్న అన్నదమ్ములారా, ఇది ఆడవాళ్ళ సంగతి గదా అని మీరు లేచి పోవద్దు. ఈ పూట నేను చెప్పబోయేది వంటింటి ముచ్చటే అయినా, అది మన పంటతో ముడిపడి ఉన్నది.

మాది అనంతపురం జిల్లా. పన్నెండెకరాల మెట్ట ఉన్నది. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఆకాశం వైపు చూడడం. ఈ కాయను మేము చెనిక్కాయ అంటాము. కర్నూలు వైపు బుడ్డలంటారు, తెలంగాణా వైపు పల్లీలంటారు. పేరేదైనా మా ఇంట్లో అది లేని పూట ఉండేది కాదు. సంగటిలోకి ఊరుబిండి, చిత్రాన్నంలో వేయించిన పలుకులు, గుత్తివంకాయలో పొడి, పిల్లలకు బెల్లంతో ఉండలు, తాలింపుకు నూనె, మిగిలిన చెక్క ఎద్దులకు. అటువంటి ఇంట్లో చెనిక్కాయ నోట పడితే ప్రాణం మీదికి వచ్చే బిడ్డ పుట్టినాడు. వాడు నా కొడుకు కొడుకు. ఇప్పుడు వాడికి ఏడేండ్లు. వాడికి ఏ విధంగా వండిపెడుతున్నామో, ఎక్కడెక్కడ తప్పులు చేసినామో మీకు చెబుతాను. తప్పులలో పెద్దది నాది గనుక దాన్ని దాచిపెట్టను.

మన తెలుగులో “పడదు” అనే మాట ఒకటున్నది. దాన్ని మనము అన్నిటికీ వాడేస్తాము. వంకాయ తింటే దురద, పడదంటాము. పాలు తాగితే కడుపుబ్బరం, పడదంటాము. తోడికోడలిని చూస్తే ఒళ్ళు మంట, అదీ పడకపోవడమే. ఈ పడకపోవడాలన్నీ ఒకటి కావు. పాలలోని చక్కెర అరగక కడుపుబ్బరం వచ్చినవాడు ఆ పూట బాధపడతాడు, మర్నాటికి లేచి తిరుగుతాడు. నేను చెప్పే ఎలర్జీ అది కాదు. ఇందులో ఒంటిని కాపాడవలసిన రక్షణ బలమే పొరబడుతుంది. తిండిలోని మాంసకృత్తును పగవాడనుకొని దాని మీద దండెత్తుతుంది. ఆ దండయాత్రలో నలిగేది బిడ్డ శరీరం. 1902లోనే ఫ్రాన్సు దేశంలో చార్లెస్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ విపరీతాన్ని కుక్కల మీద గమనించి బయటపెట్టినారు. రిషేకు 1913లో నోబెల్ బహుమానం వచ్చింది. అంటే ఇది నిన్న మొన్న పట్నం డాక్టర్లు పుట్టించిన జబ్బు కాదు. పట్నం పిల్లలకే వచ్చేదీ కాదు.

మా వాడికి పద్నాలుగు నెలలప్పుడు, సంగటి ముద్దలో గోరంత ఊరుబిండి అద్ది నేనే నోట్లో పెట్టినాను. కొంచెం సేపటికి మూతి చుట్టూ ఎర్రబడింది. వీపంతా దద్దుర్లు. ఆ వెంటనే వాంతి. పురుగు ముట్టిందన్నాను. నల్లగొంగడితో ఒళ్ళు తుడిచినాను. దిష్టి అని ఉప్పు, మిరపకాయలు తీసి పొయ్యిలో వేసినాను. ఆ పూటకు అది తగ్గిపోయింది గనుక నా వైద్యమే పనిచేసిందనుకున్నాను. నా కోడలు మాత్రం ఊరుకోలేదు. బిడ్డను ఎత్తుకొని పట్నం పోయి పిల్లల డాక్టరుకు చూపించింది. ఆయన జరిగినదంతా అడిగి తెలుసుకొని, చర్మం మీద చుక్క వేసి గుచ్చే పరీక్ష చేసి, వేరుశనగ ఎలర్జీ అని తేల్చినాడు. ఇక్కడొక మాట. ఆ పరీక్షలో దద్దు లేచినంత మాత్రాన జబ్బున్నట్టు కాదట. తిన్నప్పుడు ఏం జరిగిందన్నదే ముఖ్యమట. అందుచేత నాలుగు చుక్కల పరీక్ష చూసి పది రకాల తిండి మాన్పించే పని ఎవరూ చేయకండి. డాక్టరుతో కూర్చొని ఒక్కొక్కటిగా తేల్చుకోవలె. ఇంట్లో కొంచెం పెట్టి చూద్దామని ప్రయత్నించడం అంతకన్నా తప్పు.

కోడలు వచ్చి, “అత్తా, వీడికి చెనిక్కాయ ముట్టించగూడదు” అన్నది. నేను సరే అన్నాను గాని మనసులో నమ్మలేదు. మా అత్త కాలం నుంచి ఈ ఇంట్లో పుట్టిన బిడ్డలంతా చెనిక్కాయ తిని పెరిగినవాళ్ళే. చదువుకున్న కోడలు, ఒక్కగానొక్క కొడుకు, గారాబం అనుకున్నాను.

వాడికి మూడేండ్లప్పుడు ఒక రోజు కోడలు బ్యాంకు పని మీద పోయింది. పొద్దున కూలీలకని రోట్లో ఊరుబిండి నూరినాను. మధ్యాహ్నం బిడ్డకని అదే రోట్లో కందిపచ్చడి నూరినాను. నడుమ రెండు చెంబుల నీళ్ళు పోసి కడిగినాను. ఒక్క చెనిక్కాయ పలుకైనా వేయలేదు గదా అని ధైర్యం. పచ్చడి అన్నం నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, “జేజీ, గొంతులో ముల్లు” అన్నాడు. పెదవులు ఉబ్బినాయి. పది నిమిషాలు గడిచేసరికి ఎగపోత, పిల్లికూత. వాడి కండ్లు మూతలు పడుతుంటే నాకు గొంగడీ గుర్తు రాలేదు, ఉప్పూ మిరపకాయలూ గుర్తు రాలేదు. పక్కింటి పిల్లవాడు 108కు ఫోను చేసినాడు. ఆస్పత్రిలో తొడకు ఒక సూది వేసినారు. కాసేపటికి వాడు ఊపిరి పీల్చుకొని ఏడ్చినాడు. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చినాను.

సాయంత్రం కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చి, రోకలిబండనూ పాత మిక్సీ గిన్నెనూ తీసుకొనిపోయి పశువుల కొట్టంలో పెట్టింది. ఆ రోజు నుంచి మా వంటింటి కథ మారింది.

రోలు కడిగితే పోదా అని మీరు అడుగుతారు. రాయి గరుకుగా ఉంటుంది. నూనె ఓడే ముద్ద ఆ గరుకులో ఇరుక్కుంటుంది. వట్టి నీళ్ళకు నూనె లొంగదు. మిక్సీ గిన్నెలో బ్లేడు కింద, మూత రబ్బరు సందులో కూడా అంతే. అందుచేత రోలు, మిక్సీ, అట్లపెనం, చెక్క గరిటె, పోపుల డబ్బా, ఇవి బిడ్డకు వేరేగా ఉండవలె. స్టీలు గిన్నెలు, పళ్ళాలు సబ్బుతో బాగా తోమితే చాలు. చేతులు కూడా సబ్బుతోనే కడగవలె. వట్టి నీళ్ళతో తొలిపితే ఆ మాంసకృత్తు చేతిని పూర్తిగా వదలదని పరీక్షించి చూసినవాళ్ళు చెప్పినారు. చేతులకు రాసుకొనే శానిటైజరు క్రిములను చంపుతుందేమో గాని దీన్ని పోగొట్టదు.

మొదట్లో మేము బిడ్డకు వేరే వంట, మాకు వేరే వంట చేసినాము. రెండు నెలలు కూడా సాగలేదు. ఒక గరిటె అటుది ఇటు వచ్చేది. అంతకన్నా చెడ్డ సంగతి, బిడ్డ తన పళ్ళెం ఒకటీ పట్టుకొని మూలన కూర్చునేవాడు. “నాకెందుకు జేజీ వేరే కూర?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఇంటిల్లిపాదీ చెనిక్కాయ మానేద్దామని తీర్మానం చేసుకున్నాము. మా ఇంటాయన నాలుగు రోజులు అలిగినాడు. యాభై ఏండ్లుగా ఊరుబిండి లేనిదే సంగటి దిగని మనిషి. చివరకు కొట్టంలో పెట్టిన రోలే ఆయనకు దక్కింది. ఎప్పుడైనా నోరు ఊరితే అక్కడే నూరుకొని, అక్కడే తిని, అక్కడే సబ్బుతో చేయీ మూతీ కడుక్కొని ఇంట్లోకి వస్తాడు.

ఇక నూనె సంగతి. ఇందులో మన ఆడవాళ్ళకు చాలా అనుమానాలున్నవి. ఎలర్జీ పుట్టించేది మాంసకృత్తు గాని కొవ్వు కాదు. పెద్ద మిల్లులో బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో ఆ మాంసకృత్తు దాదాపు మిగలదు. 1997లో ఇంగ్లండులో వేరుశనగ పడని 60 మందికి రెండు రకాల నూనెలూ ఇచ్చి చూసినారు. శుద్ధి చేసిన నూనెతో ఒక్కరికీ ఏమీ కాలేదు. శుద్ధి చేయని నూనెతో మాత్రం ఆరుగురికి తేడా చేసింది. ఇప్పుడు ఊరూరా వెలసిన గానుగ నూనె శుద్ధి చేయనిదే. వాసన బాగుంటుంది, రుచి బాగుంటుంది, ఆరోగ్యానికి మంచిదని పేరు. ఐతే ఈ బిడ్డకు మాత్రం అది పనికిరాదు. ఇంకొక మెలిక ఏమంటే, అదే గానుగలో పొద్దున వేరుశనగ, మధ్యాహ్నం నువ్వులు, సాయంత్రం కొబ్బరి ఆడతారు. కాబట్టి ఆ గానుగలో తీసిన కొబ్బరినూనె కూడా వంటకు తేలేము. మేము సీలు వేసిన పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు తెచ్చుకుంటున్నాము. పంట మాది, నూనె కొనుక్కొనేది. కష్టమనిపించింది, కాని రోలు సంగతి చూసినాక వాదించే ఓపిక నాకు లేదు.

చెనిక్కాయను ఉడకబెడితే దోషం పోతుందని ఒకరన్నారు. వేయించినదానికన్నా ఉడికించినదానిలో తీవ్రత కొంత తగ్గుతుందని శాస్త్రజ్ఞులు చెప్పేమాట నిజమే. తగ్గడం వేరు, పోవడం వేరు. ఈ బిడ్డలకు తగ్గినది కూడా ఎక్కువే. మరొకరు రకం మార్చి చూడమన్నారు. టి.ఎం.వి.–2 అయినా, కదిరి–6 అయినా, కాయ కాయే.

బిడ్డకు చెనిక్కాయ మాన్పించినప్పుడు ఏం పోతుందో కూడా చూడవలె. అందులో నూటికి 25 పాళ్ళు మాంసకృత్తులు, సుమారు సగం నూనె. పేదవాడి బాదంపప్పు అని ఊరికే అనలేదు. దాన్ని తీసేసి ఆ చోట ఏమీ పెట్టకపోతే బిడ్డ బక్కచిక్కుతాడు. కంది, పెసర, అలసంద, ఉలవ, గుడ్డు, పాలు, పెరుగు, ఇవన్నీ ఆ లోటు తీర్చగలవు. వేరుశనగ కూడా పప్పుజాతి మొక్కే గదా, మిగతా పప్పులు పడతాయా అని నాకు భయం వేసింది. డాక్టరు చెప్పినదేమంటే, ఎక్కువమంది పిల్లలకు పడతాయి, కొందరికి శనగపప్పుతోనో, ఎర్రపప్పుతోనో కూడా పేచీ ఉంటుంది. నువ్వులు, జీడిపప్పు వంటివి కూడా కొందరికి పడవు. కనుక బిడ్డ ఇంతకు ముందు హాయిగా తింటున్నవాటిని మానవద్దు, కొత్తవి మాత్రం అడిగి పెట్టండి అన్నాడు. మా వాడికి నువ్వులు పడినవి. మీ బిడ్డకు పడకపోవచ్చు. ఇప్పుడు నేను చెప్పే వంటకాలలో ఆ తేడా చూసుకోండి.

సంగటిలోకి కందిపచ్చడి చేస్తాను. ఒక గ్లాసు కందిపప్పును సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించవలె. ఎనిమిది ఎండుమిరపకాయలు వేయించి, ఉసిరికాయంత చింతపండు, నాలుగు వెల్లుల్లి రేకలు, తగినంత ఉప్పు చేర్చి, నీళ్ళు చిలకరించుకుంటూ కొంచెం పలుకుగా నూరవలె. మరీ మెత్తగా చేస్తే జిగురెక్కుతుంది. వేడి సంగటిలో నెయ్యి వేసి ఈ పచ్చడి నంజితే మా ఇంటాయన కూడా మాట్లాడకుండా రెండో ముద్ద పెట్టించుకుంటున్నాడు.

గుత్తివంకాయకు ఎండుకొబ్బరి, వేయించిన శనగపప్పు, ధనియాలు, మిరపకాయలు, కొంచెం నువ్వులు కలిపి పొడి కొట్టి కూరతాను. చెనిక్కాయ పొడి లేకపోతే పులుసు చిక్కబడదేమోనని అనుకున్నాను గాని, శనగపప్పు ఆ పని చేస్తుంది. చిత్రాన్నంలో పంటి కింద కరకరమనడానికి శనగపప్పు, మినప్పప్పు కాస్త ఎక్కువ వేసి ఎర్రగా వేయిస్తే సరిపోతుంది. బెల్లం ఉండలకు బదులు పెసర సున్నుండలు. పెసరపప్పు దోరగా వేయించి, మెత్తగా విసిరి, బెల్లం తురుము, కరగిన నెయ్యి పోసి చుట్టడమే. బిడ్డ బడి నుంచి వచ్చేసరికి రెండు ఉండలు పళ్ళెంలో ఉంటే వాడు చిక్కి ముక్క కోసం ఏడవడు.

ఉగ్గాని దగ్గర మాత్రం నేను ఇంకొకసారి దెబ్బ తిన్నాను. బొరుగులను నీళ్ళలో తడిపి పిండి, తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. అందులో చెనిక్కాయ లేదు గదా అని సంతలో పుట్నాలు తెచ్చి పొడి చేసినాను. తిన్న బిడ్డకు పెదవి మీద రెండు దద్దులు లేచి ఆగినవి. అంతటితో పోయింది గాని, ఎందుకు వచ్చిందో తెలియక మరుసటి వారం సంతకు పోయి ఆ బట్టీ ముందు గంటసేపు నిలబడి చూసినాను. ఒకే బాణలి, ఒకే ఇసుక. అందులో శనగలు వేయించి జల్లెడ పడతాడు, ఆ తర్వాత చెనిక్కాయలు పోస్తాడు, మళ్ళీ శనగలు. ఆయన తప్పేమీ లేదు, తాత ముత్తాతల నుంచి అట్లాగే వేయిస్తున్నాడు. బొరుగులు కూడా ఆ దుకాణంలో పక్కపక్క గంపల్లోనే ఉంటాయి, ఒకటే చేట. ఇప్పుడు శనగపప్పు నేనే ఇంట్లో వేయించి పొడి కొడుతున్నాను. బొరుగులు సీలు వేసిన ప్యాకెట్టువి తెస్తున్నాము.

ప్యాకెట్టు సరుకు కొనేటప్పుడు వెనకవైపు చదవవలె. మన దేశంలో 2020లో తెచ్చిన లేబులు నిబంధనల ప్రకారం వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటి గింజలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, సోయా, గోధుమ వంటి ధాన్యాలు సరుకులో ఉంటే ఆ ముక్క విడిగా అచ్చు వేయవలె. నువ్వులు ఆ జాబితాలో లేవు. కనుక నువ్వులు పడని బిడ్డ తల్లి దినుసుల పేర్లన్నీ మొదటి నుంచి చివరిదాకా చదువుకోవలసిందే. కళ్ళజోడు లేనిది ఆ అక్షరాలు నాకు కనబడవు, అందుకని బిడ్డ చేతనే చదివిస్తాను. వాడికి చదువూ వస్తున్నది, తన జాగ్రత్తా తెలుస్తున్నది. విడిగా తూకం వేసి అమ్మే మిక్చరు, కారాలు, మిఠాయిలకు ఆ అచ్చు ఉండదు. అవి మా గడప తొక్కవు.

ఇంటి లోపల ఇంత చేసినా, రైతు ఇల్లు గదా, పంట ఇంటికి రాక తప్పదు. అన్నదమ్ములు ఇక్కడ కాస్త చెవి పెట్టండి. తొలకరికి ముందు విత్తనం కాయ వలవడానికి పదిమంది ఆడవాళ్ళు మా అరుగు మీద కూర్చునేవాళ్ళు. మాటల్లో మాట, నాలుగు పలుకులు నోట్లో, పక్కనున్న బిడ్డ నోట్లో రెండు. ప్రేమతో పెట్టేవాళ్ళే. ప్రేమతో పెట్టేవాళ్ళను ఆపడమే అన్నిటికన్నా కష్టం. ఇప్పుడు వలుపు పని కళ్ళం దగ్గర కొట్టంలో పెట్టుకున్నాము. అక్కడ ఒక తొట్టి నీళ్ళు, సబ్బు. కాయ కోసేటప్పుడు, రాల్చేటప్పుడు వచ్చే దుమ్ము బిడ్డకు తుమ్ములు, ఆయాసం తెస్తుందని ఆ పదిహేను రోజులు వాణ్ణి కళ్ళం దగ్గరికి రానివ్వము. ఇంకొక వైపు, వాసన చూస్తేనే ప్రాణం పోతుందని కొందరు భయపెట్టినారు. అది అట్లా కాదు. ఎక్కడో వేయిస్తున్న వాసనకు ప్రాణం మీదికి రాదు, నోట్లో పడితేనే పెద్ద ప్రమాదం. లేకుంటే మా ఊళ్ళో వాణ్ణి పెంచగలమా?

ఆ పంటే మానుకోండి అన్నవాళ్ళూ ఉన్నారు. మానలేదు. పంట వేరు, పొయ్యి వేరు. చెనిక్కాయ అమ్మిన డబ్బుతోనే వాడి మందులు కొనేది.

బడి సంగతి ఒకటున్నది. మన రాష్ట్రంలో 2020లో బడి భోజనంలో చిక్కి చేర్చినారు. బక్క పిల్లలకు మంచిదే, నేను కాదనను. మా వాడు బడిలో చేరిన రోజే నా కోడలు పోయి పంతులమ్మకూ, వంట చేసే ఆమెకూ, వాడి పక్కన కూర్చునే పిల్లలకూ చెప్పి వచ్చింది. చీటీ మీద కూడా రాసి ఇచ్చింది. చిక్కి ఇచ్చే రోజు వాడు సున్నుండ తీసుకుపోతాడు. తిన్న పిల్లలంతా సబ్బుతో చేతులు కడుక్కుంటారు. ఒకడికోసం అందరూ కడుక్కోవాలా అని ఒక తండ్రి అడిగినాడట. ఎట్లాగూ కడుక్కోవలసినవే గదా అన్నదట పంతులమ్మ.

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒక రోజు తప్పు జరుగుతుంది. ఆ రోజుకు ఏం చేయవలెనో ముందే తెలిసి ఉండవలె. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపల దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి కనిపించవచ్చు. గొంతు బిగవడం, గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూత, బిడ్డ సోలిపోవడం, ఇవి కనిపించినా, ఒంట్లో రెండు మూడు చోట్ల ఒకేసారి తేడా వచ్చినా అది ప్రాణాపాయం. దానికి మందు అడ్రినలిన్ అనే సూది. తొడ బయటివైపు కండలోకి వేస్తారు. దురద తగ్గించే సెట్రిజిన్ వంటి మందు దద్దుర్లకు పనికివస్తుంది గాని, మూసుకుపోతున్న గొంతును తెరవదు. ఆ మందు తాగించి చూద్దామని కూర్చుంటే కాలం మించిపోతుంది. మా ఊరికి ఆస్పత్రి దూరం గనుక డాక్టరు ఆ మందును, సిరంజిని ఇంట్లో ఉంచుకోమని రాసిచ్చి, బిడ్డ బరువును బట్టి ఎంతదాకా లాగవలెనో చూపించి, నా కోడలి చేత పదిసార్లు నీళ్ళతో అభ్యాసం చేయించినాడు. నా చేత కూడా చేయించినాడు. మీ డాక్టరు మీకు చెప్పకుండా మీరు దీన్ని చేయరాదు, ఆయన చెప్పకపోతే మీరే అడగండి. మందు మీద తేదీ చూసుకోవలె, ఎండ తగలనీయగూడదు. బరువు పెరిగినప్పుడల్లా మోతాదు అడిగి మార్చుకోవలె.

సూది వేసిన వెంటనే 108కు ఫోను చేయవలె. బిడ్డను పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టవలె. ఎగపోతగా ఉంటే ఆనించి కూర్చోబెట్టవలె. తగ్గింది గదా అని లేపి నడిపించగూడదు. ఆస్పత్రిలో కొన్ని గంటలు ఉండమంటే ఉండవలె, ఎందుకంటే తగ్గినట్టే తగ్గి రెండోసారి తిరగబెట్టడం కద్దు.

ఇది ఎప్పటికైనా పోతుందా అని ప్రతి తల్లీ అడుగుతుంది. పాలు, గుడ్డు పడని పిల్లలలో చాలామందికి పెద్దయ్యేకొద్దీ పడతాయి. వేరుశనగకు మాత్రం ఐదుగురిలో ఒకరికి పోతుందంటారు. పోయిందో లేదో ఆస్పత్రిలో డాక్టరు ఎదుటనే పెట్టి చూడవలె.

మా ఇంటి కథ చూసి మా వీధిలో ఇద్దరు ముగ్గురు తల్లులు తమ పసిపిల్లలకు చెనిక్కాయ పెట్టడమే మానేసినారు. ఇది నాకు చాలా కష్టం కలిగించింది, ఎందుకంటే అది తిరకాసు పని. లండనులో 640 మంది పసిబిడ్డలను, ఎలర్జీ వచ్చే సూచన ఉన్నవాళ్ళనే, రెండు జట్లు చేసినారు. ఒక జట్టుకు పసితనం నుంచే వేరుశనగ పెట్టినారు, ఒక జట్టుకు ఐదేండ్లదాకా మాన్పించినారు. 2015లో ఫలితం బయటికి వచ్చింది. మాన్పించిన జట్టులో నూటికి 17 మందికి ఎలర్జీ వచ్చింది. పెట్టిన జట్టులో ముగ్గురికే వచ్చింది. కనుక మంచిగా ఉన్న పసిబిడ్డకు అన్నప్రాశన అయినాక, మెత్తని ముద్దగా, జావలో కలిపి పెట్టడమే మేలు. పలుకులు పలుకులుగా పెట్టరాదు, గొంతుకు అడ్డం పడుతుంది. ఒళ్ళంతా గజ్జి మాదిరి ఎగ్జిమా ఉన్న బిడ్డకూ, గుడ్డు పడని బిడ్డకూ మాత్రం ముందు డాక్టరును అడగవలె.

మా వాడికి ఇప్పుడొక చెల్లెలు ఉన్నది, ఎనిమిది నెలలది. డాక్టరును అడిగితే దానికి పెట్టమన్నాడు. ఇంట్లో పెట్టరాదు గదా! అందుకని వారానికి మూడు దినాలు దాన్ని పక్కింటికి ఎత్తుకుపోయి, రాగిజావలో చెంచాడు చెనిక్కాయ ముద్ద కలిపి తాపి, పైన కట్టిన గుడ్డ అక్కడే విప్పి, మూతీ చేతులూ సబ్బుతో కడిగి తీసుకువస్తాము. మా వాడు గడప లోపలే నిలబడి ఉంటాడు. “జేజీ, చెల్లి మూతి కడిగినారా?” అని అడుగుతాడు. కడిగినాము నాయనా అంటే, అప్పుడు చేతులు చాపుతాడు.